కళ్లంలో కుర్చీలు వేయించిన ఏడు

కుర్చీలు నేనే వేయించాను. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతావాళ్లను తిట్టే హక్కు నాకు కాస్తయినా మిగులుతుంది.

ఎనభైల చివర్లో నేను బాపట్లలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. రేపల్లె దగ్గర మా ఊళ్లో, పిల్లకాలువ మొదటికీ చివరికీ మధ్యన, మాకు రెండెకరాల మాగాణి ఉండేది. కాలువకు నీళ్లు తక్కువ వచ్చిన ఏడల్లా రైతులంతా కళ్లంలో చేరి వంతులు వేసుకునేవారు. దానికి పెద్దల నాటి పద్ధతి ఒకటుంది. అందరూ నేల మీద గుండ్రంగా కూర్చోవాలి. కాలువకు నీళ్లు వదిలే తూము పక్క పొలం రైతుకు సరిగ్గా ఎదురుగా, కాలువ చివర శివారు పొలం రైతు కూర్చోవాలి. నీళ్లు ముందు ఎవరికన్నది తూము దగ్గరివాడు శివారువాడి మొహంలోకి చూసి చెప్పాలి. అంతే. కాగితం లేదు, చేతులెత్తడం లేదు. ఒకరి ఇంట్లో పెళ్లయితే ఇంకొకరు పందిరి వేసేవాళ్లు, గేదె ఈనితే జున్నుపాలు పంపుకునేవాళ్లు. అలాంటివాడి కళ్లలోకి చూస్తూ ‘నీ చేను ఎండిపోనీ’ అనడానికి ఎంత మొండివాడికైనా నోరు రాదు. చాలాసార్లు శివారుకే ముందు వదిలేవారు.

నాకదంతా మోటుగా కనిపించింది. కాలేజీలో మీటింగులు చూసిన కళ్లు కదా! ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. సెలవు పెట్టి బాపట్లలో రైలెక్కి, తెనాలిలో దిగి, రేపల్లె పాసింజరు కోసం రెండు గంటలు కూర్చున్నాను. ఆ రెండు గంటల్లోనే నా బుర్రకు ఆ దిక్కుమాలిన ఆలోచన తట్టింది. ఊళ్లోకి రాగానే ఇనప కుర్చీలు అద్దెకు తెప్పించి కళ్లంలో వరసలుగా వేయించాను. ముందు ఒక బల్ల, దాని మీద దుప్పటి. బల్ల వెనక తూము పక్క రైతు. నేను మావయ్యా అని పిలిచే పెద్దమనిషి. ఆయన పక్కన కాగితం పట్టుకుని నేను.

శివారున ఎకరం పొలం ఉన్నది ఒక ఒంటరి మనిషికి. చుట్టం కాదు గానీ అత్తా అనేవాణ్ణి. మా అమ్మ మంచాన పడ్డప్పుడు నెల రోజులు మాకు వండిపెట్టింది. ఆవిడ చేను పొట్ట మీద ఉంది. ఆ వారం తడి అందకపోతే గింజ పాలు పోసుకోదు. ఆవిడకు ఉన్న ఆధారమల్లా ఆ ఎకరమే. గడ్డిమోపు ఇంట్లో దించి వచ్చేసరికి ముందు వరసలు నిండిపోయాయి. వెనక చివరి కుర్చీలో కూర్చుంది.

మావయ్య దుప్పటి అంచు సర్దుతూ అన్నాడు. “ఈసారి వంతులు తూము నుంచి కిందికి పెట్టుకుందాం. ఏంటి, అంతేగా?”

ముందు వరసవాళ్లు మావయ్యను చూశారు. వెనకవాళ్లు ముందువాళ్ల చేతులు చూశారు. గొర్రెదాటు! చేతులన్నీ లేచాయి.

ఆవిడ లేచి నిలబడింది. “నా చేను పొట్ట మీదుందండి” అంది.

ఒక్క తల వెనక్కి తిరగలేదు. “ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి” అని ఎవడో గొణిగితే పక్కవాళ్లు నవ్వారు. నేను తలెత్తలేదు. ముత్యాల్లాంటి అక్షరాలతో ‘ఏకగ్రీవం’ అని రాసుకుంటున్నాను, వెధవని.

తలుచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. వాళ్లు దుర్మార్గులైతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. కారు. అందులో సగం మంది ఆవిడ చేతి అన్నం తిన్నవాళ్లే. మనిషిని వీపు వెనక కూర్చోబెట్టి, ఆ మనిషి బతుకు తేల్చేశాం. దానికి సభ అని పేరు!

నీళ్లు శివారు చేరేసరికి పది రోజులు దాటింది. కోతలప్పుడు వెళ్లాను. మా చేను బాగానే పండింది. ఆవిడ గట్టు మీద నిలబడి, తన చేను గేదెల మేతకు కోయిస్తోంది.

“తప్పు నాదే అత్తా” అన్నాను.

ఒక వరి వెన్ను తుంచి నా చేతిలో పెట్టింది. “నొక్కి చూడు.”

నొక్కాను. అంతా తాలే, ఉత్త పొట్టు.

“నీళ్లియ్యలేదని కాదు నాయనా నా కోపం. వెనక్కి తిరిగి చూసుంటే ఇచ్చేవాళ్లే మీరు. నాకు తెలీదూ? ఆ మాత్రం తల తిప్పలేకపోయారే!”

ఆ మాట అంటున్నంతసేపూ ఆవిడ నా మొహం చూడలేదు.