రెండోసారి వచ్చిన పేరు

ఆఫీసులో ఆమెను అందరూ జల్లెడ అనేవారు. మొదట వెనకాల అన్నారు, తర్వాత ముఖం మీదే అన్నారు, ఆమె పట్టించుకోలేదు. పదకొండేళ్లుగా కరెంటు ఆఫీసులో వినియోగదారుల జాబితాలు శుభ్రం చేస్తున్న మనిషి. ఒకే పేరు రెండు చోట్ల పడిందంటే ఆమె కళ్లు కప్పడం ఎవరి తరమూ కాదు. ఇంట్లోనూ అదే వరస. రెండు కత్తెరలు కనిపిస్తే ఒకటి మాయం. "నాకు కవల తమ్ముడు లేడు కాబట్టి బతికిపోయాను, ఉంటే ఇద్దరిలో ఒకణ్ణి తీసేసేది" అని భర్త నవ్వేవాడు.

నది గట్టు తెగిన మూడో రోజున ఆమెను సహాయ కేంద్రానికి పంపారు. మూతపడిన ట్యూషన్ సెంటర్ అది. పొడుగాటి బెంచీలు, బోర్డు మీద ఎవరూ తుడవని లెక్క, ఎనిమిది కంప్యూటర్లు. అన్నిట్లోనూ తెరిచి ఉన్నది ఒకే షీటు. శిబిరాల వాళ్లు, పడవల వాళ్లు, ఆస్పత్రి వాళ్లు, ఫోన్లు ఎత్తేవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడినుంచే అందులో రాస్తారు. ఎవరు ఏ గడిలో ఉంటే ఆ గడి చుట్టూ వాళ్ల రంగు గీత, పైన వాళ్ల పేరు కనిపిస్తాయి. ఒక్కో వరస ఒక్కో మనిషిది. "క్షేమం" అని రాయగానే ఆ వరస పచ్చగా మారి, పడవల జాబితాలోంచి దానంతటదే తప్పుకుంటుంది. ఒకే మనిషి రెండుసార్లు పడితే పడవ ఊరికే తిరుగుతుంది, ఇంకెక్కడో ఇంటి కప్పు మీద మనుషులు ఎదురుచూస్తూ కూర్చుంటారు. అందుకే జల్లెడను పిలిపించారు. మొదటి రోజే ఆమె నాలుగు వందల పన్నెండు వరసలు తీసేసింది. పర్యవేక్షకుడు అందరి చేతా చప్పట్లు కొట్టించాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం, వాన వెలిసి ఎండ కాస్తున్న వేళ, ఆమెకు ఒక వరస మీద బూడిదరంగు గీత కనిపించింది. పైన "అతిథి" అని ఉంది. పేరు నమోదు చేసుకోకుండా తెరిచినవాళ్లను షీటు అలాగే పిలుస్తుంది. వాళ్లు చూడగలరు, రాయలేరు. ఆ వరస ఒక డెబ్బై ఏళ్ల ముసలమ్మది. పాత మిల్లు వెనక వీధి, చివరి ఇల్లు. మూడో శిబిరంలో క్షేమం, పచ్చరంగు. చుట్టాలెవరో చూసుకుంటున్నారులే అనుకుంది.

మర్నాడు పొద్దున వచ్చేసరికీ గీత అక్కడే ఉంది.

"సార్, ఈ అతిథి ఎవరో నిన్నటినుంచి కదలట్లేదు."

"ఎవరో తెరిచి మర్చిపోయుంటారమ్మా. వెళ్లి టీ తాగిరా."

ఆయన అన్నది సబబే. కానీ ఆమెకు టీ సయించలేదు. వీధుల ప్రకారం వరసల్ని మళ్లీ అమర్చింది. తొంభయ్యో వరసలో ఉన్న ముసలమ్మ ఆరువందలు దాటిన వరసల్లోకి పోయింది. బూడిదరంగు గీత ఉన్నచోటే ఉండిపోవాలి, మనిషి వెంట పోకూడదు. పోయింది. తలుపు కొట్టకుండా గుమ్మంలో నిలబడి ఎవరో తనవైపే చూస్తున్నట్టు అనిపించింది.

భయం పోగొట్టుకోవడానికే ఆ వరసను చివరిదాకా చదివింది. మామూలుగా ఆమె పేరు, వయసు, ఇల్లు, ఫోన్ నంబరు చూసి వదిలేస్తుంది. చివరి గడిలో శిబిరం నర్సు రాసింది ఇది: "జ్వరం, మగత. ఎవరు కావాలమ్మా అంటే తన పేరే చెబుతోంది. పొద్దస్తమానం తన పేరు తానే పిలుచుకుంటోంది. మతి తప్పినట్టుంది."

తీసేసిన వరసలు షీటు ఎక్కడికీ పోనివ్వదు. వెతికితే దొరికింది. మూడో రోజు, పదకొండుం పది. పక్కింటివాళ్లెవరో ఫోన్ చేసి రాయించింది. అదే పేరు, అదే ఇంటిపేరు, అదే ఇల్లు, అదే ఫోను. వయసు మాత్రం ఏడు. సున్నా కొట్టడం మర్చిపోయారనుకుని, రెండు సెకన్లు కూడా ఆలోచించకుండా తీసేసింది.

నానమ్మ పేరు మనవరాలికి పెడతారని ఆమెకు ఒకరు చెప్పాలా? ఆమె పేరే ఆమెది కాదు. ఆమెకన్నా ముందు పుట్టి మూడో ఏట పోయిన అక్కది. పుట్టింట్లో గోడకు ఒక ఫోటో ఉండేది. కింద తన పేరు, పైన తనది కాని ముఖం. అమ్మ పెరట్లోంచి పిలిస్తే పరుగెత్తుకెళ్లేది. అమ్మ ఒక్క క్షణం ఆమె వెనక్కి చూసేది, ఇంకెవరో రావలసి ఉన్నట్టు. ఆ చూపంటే ఆమెకు చచ్చేంత భయం. అలాంటి మనిషికి ఈ సంగతి తట్టలేదంటే ఏమనాలి? పనిమంతురాలి పొగరు, అంతే.

వరసను తిరిగి పెట్టి, పడవ నడిపించే మనిషికి తనే ఫోన్ చేసింది.

"ఆ వీధి అయిపోయిందక్కా. అంతా పచ్చగా ఉంది."

"ఒక వరస తీసేసి అలా పచ్చగా కనిపించేలా చేసింది నేనే అన్నా. చివరింట్లో ఏడేళ్ల పాప ఉంది. నీ కాళ్లు పట్టుకుంటా, వెళ్లు."

రెండున్నర గంటలు. ఆమె మంచినీళ్లు కూడా ముట్టలేదు. బూడిదరంగు గీత ఇప్పుడు పాప వరస మీదికి వచ్చింది. ఎప్పుడు మారిందో ఆమె చూడలేదు. గదిలో ఎవరూ ఆమెను జల్లెడ అని పిలవలేదు.

ఫోన్ మోగింది. "దొరికిందక్కా! అటక మీద ఉంది. సాయం కోసమని నానమ్మ మెడలోతు నీళ్లలోకి దిగిందట, అక్కణ్ణుంచి మన పడవే ఎక్కించుకుంది. పాప దగ్గర బిస్కెట్ల డబ్బా ఖాళీ. నీరసంగా ఉంది గానీ, పేరు పెట్టి పిలవగానే పలికింది."

ఆమె అందరి ముందూ భోరున ఏడ్చేసింది. కాసేపటికి అడిగింది: "పాప ఫోన్లో మన షీటు చూస్తూ ఉందా?"

"ఏం ఫోనక్కా? మొదటి రోజే నీళ్లలో పడి చచ్చిందట."

తెర వైపు తిరిగింది. పాప వరస పచ్చబడింది. దాని మీద ఎవరూ లేరు.

సాయంత్రం బస్టాపులో నిలబడి అమ్మకు ఫోన్ చేసింది. "అమ్మా, నా చిన్నప్పుడు పెరట్లోంచి పేరు పెట్టి పిలిచేదానివే, అప్పుడు ఎవర్ని పిలిచేదానివి?"



"ఇద్దర్నీ పిలిచేదాన్నే" అంది అమ్మ. "పలికేదానివి నువ్వొక్కదానివే."