ఎండ మోటరును కాల్చింది నేనే

ఎనభైల మొదట్లో వర్ధన్నపేట దగ్గరి ఒక ఊళ్లో బావి మీద ఎండతో నడిచే నీళ్ల మోటరు పెట్టారు. దాన్ని నడపడం, బాగుచేయడం ఆరుగురు ఆడవాళ్లకు నేర్పే పని నాది. అది ఆడవాళ్ల చేతిలో పడి పాడైందని ఇప్పటికీ అక్కడ అంటారు. అబద్ధం. ఆ అబద్ధం రాసింది నేను.

ఆరుగురిలో ఒకామెను ఊరంతా వదిన అనేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. భర్త లేడు, కూలి మీద బతుకు. ఎండను కరెంటుగా మార్చే అద్దాలు తుడవడం, వాటిని ఎండను బట్టి తిప్పడం, వైర్లు బిగించడం అందరికన్నా ముందు పట్టేసింది. శిక్షణ అయ్యాక ఆఫీసర్లు జీతానికి మోటరు ఆమెకే అప్పగిస్తామన్నారు.

ఆడది దిగితే బాయి ఎండుతుందని పెద్దమనుషులు పట్టుబట్టారు. నేను సరేనన్నాను. ఒడ్డు మీది పనులే నేర్పాను. మోటరు వేసే ముందు పైపులో పోసే నీళ్లు జారిపోకుండా ఆపే వాల్వ్ బావి నీళ్లలో పైపు చివరుంటుంది; దాని బాధ్యత నాదే అయింది.

ఒకరోజు ఆమె అంది: "తమ్మీ, రోజూ రెండు బిందెలు పోస్తే పైపు నిండేది. ఇయ్యాల ఆరు పోసినా నిండుతలేదు. కింద వాల్వ్ కారుతాంది. జర దిగి చూడు."

"బాయిల సంగతి నీకెట్ల తెలుసు వదినా, కల పడ్డదా?"

"నువ్వు దిగవు, నన్ను దిగనియ్యవు. ఇగ కప్పల్ని అడగాల్నా?"

అందరూ నవ్వారు. నాకు మండింది. ఆమె వద్దంటున్నా స్విచ్ వేశాను. నేనొచ్చేదాకా ఎవరూ ముట్టొద్దని చెప్పి అన్నానికి పోయాను. వచ్చేసరికి చుక్క నీరు లేకుండా తిరిగి తిరిగి మోటరు కాలిపోయింది.

రిపోర్టులో 'ఆపరేటర్ అజాగ్రత్త' అని రాశాను. కింద ఆమె సంతకం కావాలి. సంతకం ఆమెకు నేర్పిందీ నేనే. చదవడం ఇంకా రాదు.

"ఏం రాసినవ్ తమ్మీ?"

"మోటర్ కాలిందని."

"గంతేనా?"

"గంతే."

పెట్టింది.

వారానికి ఆఫీసర్లు వచ్చి, కొత్త మోటరు మగవాళ్లకే ఇస్తామన్నారు. తప్పు ఆమే ఒప్పుకుందన్నారు. ఆమె వాళ్లతో వాదించలేదు. నా వైపు తిరిగింది.

"నేనేం ఒప్పుకున్ననో జర సదువు తమ్మీ. నలుగురు ఇంటరు."

కాగితం నా చేతికిచ్చారు. చదివాను. 'ఆపరేటర్ అజాగ్రత్త'తో సహా ఒక్క ముక్క వదలకుండా, నిజం ఒక్క ముక్క కలపకుండా చదివాను.