కాకి తన్నిన మా నాయన

సినిమాల్లో నవ్వించే రోజుల్లో నేను ఎక్కువగా చేసిన పని తన్నులు తినడం. హీరో తంతే బురదలో పడ్డాను, హీరోయిన్ తండ్రి తంతే పేడలో పడ్డాను, ఒక సినిమాలో గేదె చేత కూడా తన్నించారు. ఇందుకూరుపేటలో తిరునాళ్ల స్టేజీ మీద మిమిక్రీతో మొదలుపెట్టి, టీవీ కామెడీ షోల మీదుగా అక్కడికి చేరాను. అందుకే నేను దర్శకుణ్ణవుతాను, అదీ జనాన్ని ఏడిపించే సినిమా తీస్తాను అని చెప్పినప్పుడు అందరూ పడీపడీ నవ్వారు. నా జోకుల్లో అంత బాగా పేలింది ఇంకొకటి లేదు.

నిర్మాత తోటపల్లి గూడూరు వైపు రొయ్యల గుంటలున్న ఆసామి. మంచివాడే. నా మీద నమ్మకం ఉంది, నా ఏడుపు మీదే లేదు.

"ముందు చావు సీను తియ్యి అబ్బయా. అది చూసి నా కంట్లో నీళ్లొస్తే నీ కథ నీ ఇష్టం. రాకుంటే మొత్తం కామెడీ చేసేయాల" అన్నాడు.

రొయ్యలకు తెగులు తగిలి గుంటలన్నీ తుడిచిపెట్టుకుపోయిన ఏడాది కూడా కన్ను తడవని మనిషి ఆయన.

మా కథలో ఒక ముసలి జాలరి చనిపోతాడు. అతని అక్క శవం మీద పడి ఏడుస్తుంది. మైపాడు పక్కన మా పాలెంలోనే తీయాలనుకున్నాను. అక్క వేషానికి హైదరాబాదు నుంచి ఒక నటిని పిలిపించాను. ఆమె చాలా అందంగా ఏడ్చింది. రిహార్సల్ చూసిన మా పాలెం ఆడవాళ్లు మాత్రం "ఆయమ్మికి పంటి నొప్పా?" అని నన్ను పక్కకు పిలిచి అడిగారు.

మావాళ్ల ఏడుపుకు ఒక పద్ధతి ఉంది. పోయినవాడి చరిత్రంతా రాగం తీస్తూ చెప్పాలి. వాడు పెట్టిన తిండి, తిట్టిన తిట్టు, ఏదీ వదలకూడదు. ఆ విద్యలో మా అత్తను మించినవాళ్లు లేరు. అత్త అంటే నాయనకు అక్క. చిన్నప్పుడే తల్లి పోతే ఆయన్ను చంకనేసుకుని పెంచింది ఆమే. చిక్కల్లా వాళ్లిద్దరికీ మాటల్లేకపోవడం. మా చెల్లెలి పెళ్లిలో అత్త చేపల పులుసు వండితే, నాయన నలుగురిలో "ఉప్పెక్కువైంది" అన్నాడు. ఆ రోజు నుంచి పక్కపక్క ఇళ్లలో ఉంటూ కూడా, చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఆయన తన వలతో చెప్పేవాడు, ఆమె తన కోడితో చెప్పేది. మధ్యలో గోడ వినేది.

ఇంతలో నా అదృష్టం కాకి రూపంలో వచ్చింది. షూటింగు ముందురోజు, ఎండుచేపలు తిరగేస్తున్న నాయన నెత్తిన తన్ని పోయింది. కాకి తంతే గండం అంటారు. మనిషి పోయాడని అయినవాళ్లకు అబద్ధపు కబురు పంపి, వాళ్లు ఏడిస్తే ఆ దోషం పోతుందని మావాళ్ల నమ్మకం. ఎలాగూ ఏడవాలి కదా, ఆ ఏడుపేదో కెమెరా ముందే కానిద్దామనుకున్నాను. నటికి దండం పెట్టి బండెక్కించాను. ముసలి జాలరి వేషం నాయనకిచ్చాను. పడుకోవడమే పని అని తెలిశాక ఆయన బేరమాడలేదు.

తర్వాత అత్త ఇంటికి వెళ్లి సంగతి చెప్పాను. ఆమె గుంజకు ఆనుకుని అంతా విన్నది. "శవంతో మాట్లాడితే మాట్లాడినట్టు కాదులే. వస్తా" అంది.

మర్నాడు పొద్దున పలకలు మోగాయి. నాయన మెడలో దండతో పాడె మీద బుద్ధిగా చచ్చిపోయాడు. నిర్మాత చేతులు కట్టుకుని మానిటర్ ముందు కూర్చున్నాడు. అత్త జుట్టు ముడి విప్పుకుని వచ్చి కూలబడింది.

"తల్లి లేనోడివని చంకనేసుకుని తిరిగితినే తమ్ముడా... తొలి వలలో పడ్డ వంజరం నాకే తెచ్చిస్తివే తమ్ముడా... తుఫాను నాడు నీ పడవ కోసం ఒడ్డునే నిలబడితినే తమ్ముడా..."

నిర్మాత కట్టుకున్న చేతులు జారాయి. ఇంకొక్క నిమిషం ఇలాగే సాగితే నా సినిమా నాదేనని నాకు అర్థమైంది.

"నా పులుసులో ఉప్పెక్కువైందని నలుగురిలో అంటివే తమ్ముడా... ఇంకెవురి పులుసుకు వంకలు పెడతావురా నాయనా..."

శవం కళ్లు తెరవకుండానే అంది: "ఎక్కువే అయింది గదక్కా."

పలకలవాళ్లు పలకలు వదిలేసి నవ్వారు. కెమెరామన్ భుజాలు ఊగాయి. నిర్మాత కుర్చీలోంచి కింద పడబోయాడు. నా ఏడుపు సినిమాకు అక్కడికక్కడే నూకలు చెల్లాయనుకున్నాను. కన్నతండ్రి మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

అత్త నవ్వలేదు. రాగం ఆపి తమ్ముడి మొహంలోకి చూసింది.

"మాట్లాడినావా" అంది మెల్లగా. "అక్కా అన్నావా నన్ను."

అని ఆయన గుండె మీద తల వాల్చి ఏడ్చింది. ఈసారి రాగం లేదు, చరిత్ర లేదు. నాయన దండ పక్కకు లాగేసి అక్క తల మీద చెయ్యి వేశాడు. ఆయన మూసిన కళ్ల పక్క నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. దర్శకుణ్ణయి ఉండీ కట్ చెప్పడం మరిచిపోయాను. నాకూ ఏడుపు ఆగలేదు.

నిర్మాత తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. "ఓడిపోయినాలే అబ్బయా. కానీ శవం మాట్లాడితే కథేం గావాల? ఇంకోసారి తియ్యి."

నేను నాయన దగ్గరకు వెళ్లి మళ్లీ పడుకోమన్నాను. ఆయన పాడె మీద లేచి కూర్చున్నాడు.

"ఇంక పడుకోను పోరా. మా అక్కతో మాట్లాడాల్సింది చానా ఉండాది."

అక్క చెయ్యి పట్టుకుని, మెడలో దండ తీయడం కూడా మరిచి, ఆమె ఇంటి వైపు నడిచాడు. కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ సాయంత్రం కూర్చుని కథ మార్చాను. నా సినిమాలో ముసలి జాలరి చచ్చిపోడు.