సాబిరా తాళం వేసిన కంప్యూటర్

సాబిరా తన కంప్యూటర్‌కు నా ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోనిచ్చి ఉంటే ఆమె మీద నాకు ఇంకాస్త ముందే మంచి అభిప్రాయం కలిగేదేమో. రెంటచింతల రోడ్డు మీదున్న మా కోల్డ్ స్టోరేజీలో నేను హమాలీల మేస్త్రిని, ఆమె మిషన్ రూమ్ ఆపరేటర్. మిరపకాయల గదులను చల్లగా ఉంచే మిషన్లన్నీ అక్కడి ఒక్క కంప్యూటర్ చెప్పినట్టు నడుస్తాయి. దాని దరిదాపుల్లోకి ఎవరి వైరునూ రానిచ్చేది కాదు. "గోడకు ప్లగ్గుంది బాబాయ్, ఆడ పెట్టుకో" అనేది, తలైనా ఎత్తకుండా.

గురజాలలో రేడియోలు బాగుచేసే నూర్ మొహమ్మద్ కూతురు. పాలిటెక్నిక్ చదివింది, నలభై దాటింది. పదకొండేళ్లుగా గురజాలలో మాచర్ల బస్సెక్కి ఏడింటికల్లా మా గేటు దగ్గర దిగుతోంది.

మొదట్లో ఆ కంప్యూటర్‌లో ఉన్నది ఎవరో కాపీ కొట్టి ఎక్కించిన విండోస్. అప్‌డేట్ అన్నది ఎరగదు. రెండేళ్ల కిందట మా గుమాస్తా దానికి పాటల పెన్‌డ్రైవ్ పెట్టాడు. పాటలతో పాటు వైరస్ కూడా దిగింది. రెండు రోజులు సాబిరా మిషన్లను చేత్తో నడిపింది, కంటి మీద కునుకు లేదు. ఆ తర్వాత పట్టుబట్టి విండోస్ తీసేసి, దాని బదులు లైనక్స్ ఎక్కించింది. ఊరికే దొరుకుతుంది, దాని లోపలి కోడ్ రాతంతా బయటే ఉంటుంది, ఎవరైనా చదివి తప్పు పట్టొచ్చు.

"అందరూ చదివేదైతే దొంగ చదవడా?" అన్నాడు యజమాని శ్రీమన్నారాయణ.

"చదవనీయండి సార్. లోపముంటే వాడికంటే ముందే చూసి సరిచేసేవాళ్లు చానామంది ఉన్నారు. తాళంచెవి మాత్రం మన దగ్గరే ఉంటది."

ఇంటర్నెట్ పీకేసింది. కంప్యూటర్‌లోకి వచ్చే అక్కర్లేని దారులన్నీ మూసింది. ఏ మిషన్ ఎప్పుడు ఆగింది, ఏ తలుపు ఎప్పుడు తెరిచారు, అన్నీ వరసగా రికార్డయ్యేట్టు పెట్టింది. యజమాని ఒప్పుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. దీనివల్ల ఒక్కసారి సరుకు పాడైనా అదీ, నువ్వూ, ఇద్దరూ బయటికే అన్నాడు.

మొన్న మే నెలలో ఆ గండం వచ్చింది. బయట నలభై ఆరు డిగ్రీలు. నాలుగు దాటకూడని మూడో గది ఒంటిగంటకు ఆరు చూపించింది, రెండింటికి తొమ్మిది. మిషన్లు ఆగకుండా తిరుగుతూనే ఉన్నాయి, వేడి ఎక్కుతూనే ఉంది. సాబిరా గ్యాసు, ఫ్యాన్లు, మోటార్లు అన్నీ చూసింది. దేంట్లోనూ తప్పు దొరకలేదు, తలుపులన్నీ మూసే ఉన్నాయని స్క్రీన్ చెబుతోంది.

జనరేటర్ పనికి వచ్చిన టెక్నీషియన్ ఒకాయన స్క్రీన్ చూసి పెదవి విరిచాడు. "ఇది లైనక్స్ గోలే సార్. విండోస్ నా పెన్‌డ్రైవ్‌లో ఉంది, ఇట్టే ఎక్కిస్తా."

సరుకు చూసుకోవడానికి వచ్చిన రైతు గురవమ్మ మిషన్ రూమ్ గుమ్మంలోనే కూలబడింది. మిరపకాయ కుక్కిన ఆమె బస్తాలు, నూట ఇరవై టిక్కీలు, అంటే ఏడాది పంట మొత్తం, ఆ మూడో గదిలోనే ఉన్నాయి. "కాయ రంగు తిరిగితే నా గతేందయ్యా?" అని ఏడుపు.

"అరగంట టైమిస్తున్నా సాబిరా" అన్నాడు యజమాని. "ఆ తర్వాత నువ్వు ఇంటికి పో."

నేను మిషన్ రూమ్ మూలకు జరిగాను. ఎందుకో చెప్పాలి. ఆ మధ్యాహ్నం అన్నాల వేళ, మూడో గది తలుపుకు టిక్కీ అడ్డం పెట్టి తెరిచింది నేనే. ఆ చల్లగాలికి మావాళ్లు కాసేపు నడుం వాల్చుతారని. తలుపు తెరిచి ఉంటే కంప్యూటర్ గంట కొడుతుంది. కొట్టకుండా, తలుపు తెరిచిందీ మూసిందీ పసిగట్టే చిన్న డబ్బీ చట్రానికుంటే, దాని మీద పాత స్పీకర్ అయస్కాంతం అంటించాను. అది ఉన్నంతసేపు తలుపు మూసే ఉందనుకుంటుంది కంప్యూటర్. ఇంతలో లారీ వచ్చింది, ఆ గది సరుకే హడావిడిగా ఎక్కించి అందరం అటునుంచి అటే ముందుకు పోయాం, తలుపు మర్చిపోయాను. ఇప్పుడు అటు కదిలితే దొరికిపోతాను. స్క్రీన్ మీద అంకె తొమ్మిదిన్నర అయింది. పది అయింది.

సాబిరా రికార్డులో ఒక్కో లైను వేలితో చూసుకుంటూ ఒకచోట ఆగింది. గేటు పుస్తకం తెప్పించింది. పన్నెండున్నరకు మూడో గది నుంచి నలభై టిక్కీలు లారీకెక్కాయని అందులో ఉంది. కంప్యూటర్ లెక్కన మాత్రం పన్నెండు నుంచి ఆ తలుపు తెరవనే లేదు.

"బాబాయ్, నాతో రా" అంది.

మూడో గది దగ్గర అడ్డం ఉన్న టిక్కీ లాగి తలుపు మూసింది. అయస్కాంతం ఊడబీకింది. నేను చేతులు జోడించాను.

"ఆ లైన్లు చెరిపెయ్ సాబిరమ్మా. పిల్లలు గలవాణ్ణి."

"నేను కూడా చెరపలేను బాబాయ్. నాక్కూడా వీల్లేకుండా తాళం వేసింది నేనే." అయస్కాంతం గుప్పిట్లో పెట్టుకుంది. "అందులో తలుపు సంగతే ఉంది, నీ పేరు లేదు. నేనైతే చెప్పను."

మేం తిరిగొచ్చేసరికి టెక్నీషియన్ పెన్‌డ్రైవ్ మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. సాబిరా అయస్కాంతం బల్ల మీద పెట్టి జరిగింది చెప్పింది.

"ఎవడు పెట్టాడు?" అన్నాడు యజమాని.

ఆమె తన కుర్చీలో కూర్చుని మూడో గది అంకె చూసుకుంది.

"చెప్పవేంది? నీ లైనక్స్‌ని కాపాడుకోటానికి నువ్వే తెచ్చి కథ అల్లుతున్నావా? లే, ఆ కుర్చీలోంచి లే."

సాబిరా లేచింది. నావైపు ఒక్కసారైనా చూడలేదు. కొక్కేనికున్న బ్యాగు తీసుకుని గుమ్మం దాకా నడిచింది.

"నేనే సార్" అన్నాను. "అయస్కాంతం పెట్టింది నేనే."

గురవమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అన్నీ నాకు తగినవే. పొద్దుగుంకేసరికి గది నాలుగుకు దిగింది, కాయ నిలబడింది, సాబిరా మళ్లీ తన కుర్చీలో కూర్చుంది. నా మేస్త్రి పని పోయింది, ఇప్పుడు అందరితో పాటు టిక్కీలు మోస్తున్నాను. దానికి నాకేం బాధ లేదు. తన రికార్డులో తానే వేలు పెట్టలేనట్టు తాళం వేసుకున్న మనిషి, నా పేరు చెప్పడం ఇష్టం లేక పదకొండేళ్ల ఉద్యోగం వదిలి గుమ్మం దాకా వెళ్లింది. అంతదాకా వెళ్లనిచ్చింది నేనే.