ఆఖరి ఇంటి నుంచి మూడు గొలుసులు

మొన్న బుధవారం మా ఊరి పంచాయితీ గుమాస్తా కన్నుమూశాడు. రెండు వీధుల అవతల జరిగిన ఆ చావు కబురు నాకు ముందుగా చెప్పింది ఆత్మకూరు నుంచి వెదురు తోలే లారీ డ్రైవరు. బండి ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి, "గొలుసు సామి పాయనప్పా" అన్నాడు. లారీలను మా వీధిలోంచి తరిమిన మనిషి కోసం ముందుగా కళ్లు తుడుచుకున్నవాడు లారీ డ్రైవరే.

గొలుసు సామి అని అందరూ పిలిచే ఆ గుమాస్తా దగ్గర నేను గొలుసు పట్టేవాణ్ణి. నేల కొలిచే ఇనుప గొలుసుకు ఒక కొస ఆయన, రెండో కొస నేను. నా చదువంతా అంగడి పొట్లాల కాగితాల మీద సాగింది. అందుకే నాకు తెలిసిన కథలన్నీ మధ్యలో మొదలై చింతపండు మరక దగ్గర ఆగిపోతాయి. ఆయన మాత్రం ఏ కాగితమైనా చివరి అక్షరం దాకా చదివేవాడు. పరచిన గొలుసును ఎన్నడూ దాటేవాడు కాదు, చుట్టూ తిరిగి వచ్చేవాడు. "గొలుసు అబద్ధమాడదప్పా, పట్టుకున్నోళ్లే ఆడతారు" అనేవాడు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో నల్లమల కలప, వెదురు మా ఊరి మీదుగా పోయేవి. తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది గానీ లారీలు పోలేదు. మా వీధి కొసన బావి దగ్గర శెట్టి టీ అంగడి ఉండేది. లారీలన్నీ అక్కడే నిలిచేవి. పిల్లలు వాటి సందుల్లోంచి బిందెలతో వచ్చేవాళ్లు. ఒకరోజు వెనక్కి వస్తున్న లారీ కింద కుమ్మరాయన కూతురి కాలు నలిగింది.

అప్పుడు పంచాయితీ ఒక రూలు పెట్టింది: కాపురమున్న ఆఖరి ఇంటి గడప నుంచి మూడు గొలుసుల లోపల, అంటే రెండువందల అడుగుల లోపల, లారీ నిలపరాదు. చిక్కంతా ఆ ఆఖరి ఇంటితోనే వచ్చింది. అది బావి పక్కనే ఉన్న మట్టిమిద్దె. అందులో ఉండిన ముసలామె కడపలో కూతురి దగ్గరికి పోయి అక్కడే చనిపోయింది. పదేళ్లుగా తలుపుకు తాళం. ఆ ఇల్లు లెక్కలోకి వస్తే లారీలు బావి వదిలి ఊరి బయట నీళ్లు పారే వంక అవతలికి పోవాలి. రాకపోతే బావి దగ్గరే ఉంటాయి, పిల్లలు వాటి చక్రాల మధ్యే తిరగాలి.

కాపురం ఉందో లేదో రాయవలసింది గుమాస్తా. మిట్టమధ్యాహ్నం మేమిద్దరం వెళ్లాం. వీధిలో కుక్క కూడా లేదు. ఆయన తలుపుకు చెవి ఆనించాడు. చాలాసేపు అట్లే ఉన్నాడు.

"ఇసుర్రాయి తిరుగుతాండాది. ఇనపడతాండాదా?"

"ఏం లేదు సామీ. లారీ ఇంజనేమో."

"లారీలు యాడుండాయి? తిరిగి సూడు."

చూశాను. ఒక్కటీ లేదు. నేనూ చెవి పెట్టాను. ఏం విన్నానో అడగకండి. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంట్లో ఆడవాళ్లు పిండి విసురుతుంటే నేను బయటికి వెళ్లిపోయేవాణ్ణి.

'కాపురం ఉంది' అని ఆయన రాశాడు. సాక్షిగా నాతో సంతకం చేయించాడు. శెట్టి అంగడి ముందు నిలబడి నవ్వాడు.

"ఏం సామీ, దయ్యాలకు రేషను కార్డు గూడా రాసిస్తావా?"

"అడిగితే రాస్తా. నీ మాదిరి కల్తీ టీ మాత్రం పొయ్యను."

శెట్టి నవ్వు ఆగింది, గుమాస్తా మీద అతని అర్జీ కర్నూలుకు కదిలింది. తప్పుడు రిపోర్టని తేలితే గుమాస్తా ఉద్యోగం పోవడం ఖాయం. విచారణకు కర్నూలు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఆయనా మధ్యాహ్నమే వచ్చాడు. మా ఎండలో ఇనుము ముట్టుకుంటే బొబ్బ లేస్తుంది. ఆయన తాళం పట్టుకుని లాగబోయి, చటుక్కున వదిలేశాడు.

"కాలిందా సార్?" అన్నాడు శెట్టి.

"లేదు. సల్లగా ఉండాది," అన్నాడు ఆఫీసరు. చెయ్యి ప్యాంటుకు రెండుసార్లు తుడుచుకున్నాడు. అక్కడే నిలబడి గుమాస్తా రిపోర్టు నిజమేనని సంతకం పెట్టాడు. శెట్టి తెచ్చిన టీ తాగకుండానే జీపెక్కాడు. మేము మూడు గొలుసులు కొలిచి, వంక అవతల సున్నంతో గీత గీశాం. లారీలు ఆ గీత దాటి రాలేదు. శెట్టి కూడా అంగడి అక్కడికే మార్చుకున్నాడు.

ఏళ్ల తర్వాత ఒకసారి అడిగాను: "నిజం జెప్పు సామీ. ఆ పొద్దు ఇన్యావా, ఊరికే రాసినావా?"

కుమ్మరాయన కూతురు చంకలో కర్రతో, నడుమున బిందెతో బావి నుంచి వస్తోంది. ఆయన అటే చూస్తూ, "నువ్వు గూడా సంతకం పెట్టినావు గదప్పా. నన్నడుగుతావేమి?" అన్నాడు. అంతకు మించి ఎన్నడూ చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు తప్ప.

బుధవారం మధ్యాహ్నం పాడె లేచింది. వంక దగ్గర డ్రైవర్లు ఇంజన్లు ఆపి, తలగుడ్డలు తీసి వరసగా నిలబడ్డారు. శవం తమ వాకిలి దాటగానే ఇంట్లో ఆడవాళ్లు బిందె తెచ్చి గడప ముందు నీళ్లు కుమ్మరించడం మా వైపు ఆనవాయితీ. నేను కాళ్లు సరిగా లేక అందరికంటే వెనకబడ్డాను. ఒక్కో ఇంటి ముందు నీళ్లు కుమ్మరించిన చప్పుడు నా వెనకే వస్తోంది. మనుషులున్న ఇళ్లలో చివరిదైన కుమ్మరాయన ఇంటి దగ్గర ఆగిపోతుందనుకున్నాను. ఇంకొకటి వినపడింది. తిరిగి చూశాను. ఆఖరి ఇంటి తలుపు కింది నుంచి నీళ్లు పారి వచ్చి, కాలే బండ మీద నా పాదాల దాకా జారుతున్నాయి.