పాలకూర పోయి సొరకాయ వచ్చిన వేసవి

ఆ డిసెంబరు ఉదయం ఎడమ కాలికి బూటు పట్టలేదు. రెండు రోజుల క్రితమే విజయవాడ నుంచి వచ్చి ఢిల్లీలో రైలు దిగాను. కూర్చుని కూర్చుని ఉబ్బిందనుకున్నాను. ఆఫీసులో నా పక్క కుర్చీ సుబ్బారావు, తన పని తప్ప అందరి వైద్యమూ చూసేవాడు, పిక్క నొక్కి తీర్పు చెప్పాడు.

"నరం పట్టింది గురూ. ఆవనూనె కాచి గట్టిగా మర్దనా చేయించు. ఈ మాత్రానికి డాక్టరెందుకు?"

వాడు వెధవ. వాడి మాట విన్నవాడు అంతకంటే వెధవ. నాలుగు రోజులు మర్దనా చేయించుకున్నాను. ఐదో రోజు జనక్‌పురి స్టాపులో బస్సెక్కుతుంటే ఊపిరి అందలేదు. కాలం కలిసిరానప్పుడు కాలు కూడా కలిసిరాదు.

"డీప్ వీన్ థ్రాంబోసిస్. కాలి సిరలో రక్తం గడ్డకట్టింది. ఆ క్లాట్ ముక్క ఊడి లంగ్‌లోకి వెళ్లింది. మాలిష్ కిస్‌నే కర్‌వాయా?" అంది ఆస్పత్రిలో పంజాబీ డాక్టరమ్మ. మర్దనా ఎవడు చేయించాడని. నేను పైకప్పు వైపు చూశాను.

ముందు హెపారిన్ ఇంజెక్షన్లు, తర్వాత వార్ఫరిన్ మాత్రలు. ఇది కూమరిన్ జాతి మందు. ముక్కిన గడ్డి తిని నెత్తురు కారి చచ్చిన పశువుల వల్ల ఈ జాతి మొదట బయటపడిందట. "ఎలుకల మందు కూడా ఇదేనమ్మా" అని సుబ్బారావు మా ఆవిడ లలితకు ధైర్యం చెప్పి, కాఫీ తాగి వెళ్లాడు. ఈ మందు రక్తాన్ని పలచన చేస్తుందంటారు. మనిషిగా పలచనవడం మాత్రం నా సొంత కృషి.

వారం వారం ప్రోథ్రాంబిన్ టైమ్ పరీక్ష. ఒంట్లో మందెంత ఉందో అది కొలవదు. రక్తం గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, అంటే మందు చేసిన పనిని కొలుస్తుంది. మా ఆఫీసులో ఇలా కొలిస్తే సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. మొదటిది నాది.

"ఇవాళ మింగిన మాత్ర ఫలితం ఇవాళ కనిపించదు. మందును లివర్ మెల్లగా విరగ్గొడుతుంది. ఒక్కొక్కరి లివర్‌ది ఒక్కో వేగం" అంది డాక్టరమ్మ. మూడో రోజుకు ఢిల్లీ చేరే మన తెలుగు పేపరులాగే రిపోర్టులోనూ పాత వార్తలే అన్నమాట.

జనవరంతా సెకన్లు పెరగలేదు. "ఖానే మే కుఛ్ బద్‌లా?" తిండిలో ఏమైనా మారిందా అని ప్రతిసారీ అడిగేది. "లేదు మేడమ్, అదే పప్పూ అన్నం" అని ప్రతిసారీ చెప్పేవాణ్ణి. ఆవిడ డోసు పెంచింది. మళ్లీ పెంచింది. ఫిబ్రవరికి అంకె కుదిరింది.

"ఏమండీ, ఒకసారి నేనూ రానా?" అంది లలిత.

"నీకేం తెలుస్తుంది, అక్కడంతా ఇంగ్లీషు" అన్నాను.

ఏప్రిల్లో అంకె కాస్త పైకి పోయింది. అదే ప్రశ్న, అదే జవాబు. వారంలో మళ్లీ రమ్మంది డాక్టరమ్మ. ఆ క్యూ మీద అసహ్యంతో నేను నెల తీసుకున్నాను. మే నెలలో పళ్లు తోముతుంటే చిగుళ్లు కారాయి. బస్సులో కమ్మీ తగిలిన చోట అరచేతంత నల్లటి మచ్చ. లలిత చూడకూడదని, ఢిల్లీ ఎండల్లో పొడుగు చేతుల చొక్కా తొడిగాను. ఆ తర్వాత మూత్రం ఎర్రగా వచ్చింది. దానికి చొక్కా పనికిరాలేదు.

ఈసారి లలితే ఆటో పిలిచింది. రిపోర్టు చూసి డాక్టరమ్మ మాత్రలు ఆపించి, విటమిన్ కె ఇంజెక్షన్ రాసి, మళ్లీ అదే ప్రశ్న అడిగింది. నేను నోరు తెరిచేలోగా లలిత అందుకుంది.

"సబ్ బదల్ గయా మేడమ్." అంతా మారిపోయిందని. మిగతాది వచ్చీరాని హిందీలో చెప్పింది. చలికాలమంతా, ఒంటికి రక్తం పడుతుందని, రోజూ పప్పులో పాలకూరో మెంతికూరో వేసింది. ఎండలొచ్చాక అవి మార్కెట్లో కనబడలేదు. రెండు నెలలుగా సొరకాయ, లేకపోతే ఇక్కడ దొరికే టిండా అనే గుండ్రటి కాయ.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది. మందు చేసే పనిని అది తిప్పికొడుతుంది. నేను పెంచిన డోసంతా మీ పాలకూరకి. పాలకూర పోయింది, డోసు మిగిలింది." తర్వాత నా వైపు తిరిగింది. "మూర్తిజీ, తినేటప్పుడు మీరు ఏం చేస్తుంటారు?"

"పేపర్ చదువుతాను" అన్నాను.

సుబ్బారావు కంటే నాలుగాకులు ఎక్కువ చదివాననుకునేవాణ్ణి. కంచంలో ఆకులు మాత్రం చదవలేదు. వాడు నన్ను చంపబోయింది నాలుగు రోజులే. నేను ఐదు నెలలు కష్టపడ్డాను. ఆ పశువులు గడ్డి తిన్నాయంటే ఆకలేసి. నా బుద్ధికి ఆ సాకు కూడా లేదు.

ఇదంతా జరిగి ఎనిమిదేళ్లు. మధ్యలో మందు ఆపి చూస్తే మళ్లీ క్లాట్ వచ్చింది, కనుక మాత్ర జీవితాంతం. సాయంత్రానికి కాలు బరువెక్కుతుంది. ఆకుకూర మానలేదు, మానమని ఎవరూ అనలేదు. వారానికి రెండుసార్లు, ఏ కాలమైనా అదే కొలత. ఎండల్లో లలిత ఎక్కడో చౌలాయీ, అంటే మన తోటకూర, వెతికి తెస్తుంది. ఆస్పత్రిలో డాక్టరు ముందు స్టూలు మీద ఆవిడే కూర్చుంటుంది. నేను పక్కన నిలబడి చెయ్యి చాపుతాను.

ఈ మాత్రలు వాడేవారు పరీక్షకు వెళ్లేటప్పుడు వండిపెట్టే మనిషిని వెంట తీసుకెళ్లండి. మెస్సులో తినేవాళ్లయితే, ఈ నెల ఏం వండాడో వంటవాణ్ణి అడిగి మరీ వెళ్లండి. రక్తం మీరివ్వండి. జవాబు తెలిసినవాళ్లని చెప్పనివ్వండి.