గొట్టం గోడలోనే ఉండిపోయిన హీటర్

పొగగొట్టం లేని గ్యాస్ హీటర్‌ని ఒక ఇంట్లో బిగించి, వెలిగించి, సంతకం పెట్టించుకుని వచ్చాను. తెలియక కాదు, తెలిసే చేశాను. అనుభవించింది నేను కాదు, ఆ ఇంట్లో పనిచేసే ఆడమనిషి.

అది 1996 జనవరి. దోహాలో స్టవ్‌లు, గీజర్లు, హీటర్లు బిగించే ఒక చిన్న కంపెనీలో నేను గ్యాస్ ఫిట్టర్‌ని. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. పెట్టెల్లో వచ్చే ఇంగ్లీషు మాన్యువళ్ళను మా ఇంజినీర్లు చెత్తబుట్టలో పడేస్తే, అవి ఏరుకుని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి పని నేర్చుకున్నాను. ఆ ఎడారిలో హీటర్ ఎందుకని ఇక్కడివాళ్ళు నవ్వుతారు. జనవరిలో ఉత్తరపు గాలి తిరిగినప్పుడు, చలువరాయి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడితే ఆ నవ్వు ఆగిపోతుంది.

అల్ మన్సూరాలో మూడో అంతస్తు ఫ్లాట్. హైదరాబాదు నుంచి వచ్చిన సుధాకర్ సారు ఏదో ఆఫీసులో ఆడిటరు. మూడు నెలల పసిబిడ్డ. బిడ్డకు హాల్లో స్నానం చేయించడానికి వెచ్చదనం కావాలి. దేశం వదిలి వెళ్ళిపోయే తెల్లవాళ్ళు సూపర్‌మార్కెట్ బోర్డు మీద కాగితం అంటించి ఇంటి సామానంతా అమ్మేసేవారు. లీవింగ్ సేల్ అనేవాళ్ళం. మంచం దగ్గర్నుంచి పూలకుండీ దాకా అలా చేతులు మారేవి. ఈ హీటరూ అలా వచ్చిందే. తెల్లాయన విల్లాలో ఇది గోడకు ఆనించి ఉండేది. వెనకనుంచి ఒక గొట్టం గోడలోంచి బయటికి పోయేది. దాన్ని ఫ్లూ అంటారు, కాలిన గ్యాస్ ఇంట్లో నిలవకుండా బయటికి తోసే దారి. సారు హీటర్ని టాక్సీలో వేసుకొచ్చారు. గొట్టం ఆ విల్లా గోడలోనే ఉండిపోయింది.

నేను వెళ్ళేసరికి సారు డ్యూటీకి వెళ్ళిపోయారు. మేడమ్ ఉన్నారు. పనిమనిషి సువార్త ఉంది. కోనసీమ మనిషి, మా గోదావరి యాసే. కుట్టుపని తెలిసిన చెయ్యి. హాల్లో కిటికీలకు వేలాడుతున్న కర్టెన్లన్నీ తనే కుట్టిందట.

పద్ధతి ప్రకారం సిలిండర్ బాల్కనీలో నిలువుగా పెట్టాను. కొత్త హోసు వేసి రెండు చివరలా క్లిప్పులు బిగించాను. సబ్బునీళ్ళు రాసి చూశాను, ఎక్కడా బుడగ లేవలేదు. అప్పుడు హీటర్ని తిప్పి, వెనక రేకు మీదున్న చిన్న అక్షరాలు చదివి మేడమ్‌కు చెప్పాను. "ఫ్లూ లేకుండా వాడరాదని రాసుందండి. గోడకు నాలుగంగుళాల రంధ్రం కావాలి."

బిల్డింగ్ కాపలాదారుణ్ణి అక్కడ నాతూర్ అంటారు. అడుగుదామని కబురు పెడితే అతను పరుగెత్తుకొచ్చాడు. "దీవార్ మే ఛేద్? మాఫీ, మాఫీ! అర్బాబ్ ముఝే నికాల్ దేగా." మాఫీ అంటే అరబ్బీలో కుదరదని. యజమాని తన ఉద్యోగం ఊడబెరుకుతాడని అతని భయం. అతని భయం అతనిది.

ఫోర్‌మన్‌కి ఫోన్ చేశాను. "అరే మాస్టర్, కిత్నా పఢ్తా హై తూ! ఖిడ్కీ ఖులా రఖ్‌నే బోలో, సైన్ లే లో, యల్లా" అన్నాడు. కిటికీ తీసి ఉంచమని చెప్పి, సంతకం తీసుకుని వచ్చెయ్యమని. పైగా చదువుకోనివాణ్ణి పట్టుకుని చదువు ఎక్కువైందని ఎగతాళి.

హీటర్ వెలిగించాను. వెనక పొగ వచ్చే నోటి దగ్గర అగరుబత్తి పట్టుకున్నాను. దారి ఉంటే పొగను లోపలికి లాక్కోవాలి. అది నా మొహం మీదికి తిరిగొచ్చింది.

"ఏందయ్యా, పూజ చేస్తున్నవా దానికి?" అని నవ్వారు మేడమ్.

"కాదండి, గాలి ఎటు పోతుందో చూస్తున్నాను. ఇది గదిలోకే వస్తోంది. కార్బన్ మోనాక్సైడ్ అంటారు. వాసన ఉండదు, కనపడదు. గాలి చాలని మంటలోంచి పుడుతుంది. కిటికీ తీసే ఉండాలి. పడుకునే ముందు ఆర్పేయాలి."

బిడ్డ ఏడుపు అందుకుంది. మేడమ్ లేచి వెళ్తూ, "గవన్నీ సువార్తకు చెప్పు. ఇల్లంత అదే చూసుకుంటది" అన్నారు. నేను జాబ్ కార్డు మీద కిటికీ ఎప్పుడూ తెరిచి ఉంచాలని ఇంగ్లీషులో రాసి ఇస్తే, బిడ్డను భుజాన వేసుకునే సంతకం చేశారు. చదవలేదు. చదవలేదని నేను చూశాను.

సువార్తకు చెప్పాను. "చెల్లెమ్మా, ఈ కిటికీ ఒక జానెడు తీసే ఉండాలి. మూశావంటే ప్రాణం మీదికి వస్తుంది."

"అలాగేనండన్నయ్యగారూ. చలేత్తే దుప్పటి కప్పుకుంటాను, ఆయ్" అంది. ఆ హాల్లోనే ఓ మూల తను పడుకునే పక్క. అదీ చూశాను.

హోసు విప్పి సంచిలో వేసుకుని రావడం రెండు నిమిషాల పని. అది చెయ్యలేదు. మన తెలుగువాళ్ళు కదా, పసిబిడ్డ కదా అనుకున్నాను. ఫోర్‌మన్ నోటికి జడిశాను కూడా. కిటికీ అద్దం ఒకటి తీసి, దాని స్థానంలో రేకు బిగించి, ఆ రేకులోంచి గొట్టం బయటికి తీయొచ్చు. గోడను ముట్టుకునే పనే లేదు. ఆ ఉపాయం నాకు తట్టింది రెండు రోజుల తర్వాత.

నేను బిగించి వచ్చిన సాయంత్రమే దుమ్ముగాలి లేచింది. మర్నాడు పొద్దున్న వర్క్‌షాపుకి ఫోనొచ్చింది. నేను వెళ్ళేసరికి సువార్తను అంబులెన్సులో తీసుకుపోయారు. సారుకు పొద్దున్నే టీ రాలేదట. ఏమైందని హాల్లోకి వస్తే లేపినా లేవలేదట. పడకగది తలుపు గట్టిగా మూసి ఉండబట్టి వాళ్ళు ముగ్గురూ దక్కారు.

హాలు కిటికీ మూసి ఉంది. చట్రం సందులో తువ్వాలు చుట్టి దోపి ఉంది. ఎంత పొందిగ్గా దోపి ఉందంటే, అది కుట్టుపని తెలిసిన చెయ్యేనని చూడగానే తెలిసింది.

"ఏం పెట్టిపోయినవయ్యా మా ఇంట్ల? మనిషి పోయేది!" అని సారు మీదికొచ్చారు.

"సంతకం పెట్టిన కాగితం చదవలేదాండీ? మీరు ఆడిటరు గదా, ఊరందరి కాగితాలూ చదువుతారు గదా!" అన్నాను. నాకూ నోరు లేచింది.

మేడమ్ గోడకానుకుని కూర్చున్నారు. "కొత్త తివాచీ, దుమ్ము కొడుతుందని నేనే మూయమన్న. పొద్దుగాల బాబు స్నానానికి హాలు వెచ్చగుండాలె, రాత్రంత హీటర్ సన్నగ పెట్టి ఉంచమన్న" అన్నారు. ఆవిడ నిజం చెప్పింది. ఆ మాత్రం నిజం మా కంపెనీలో ఒక్కడూ చెప్పలేదు.

సువార్త బతికింది. కానీ రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి వచ్చాక సూదిలో దారం ఎక్కించలేకపోయేది. చేతులు వణికేవి. వంటింట్లోకి వెళ్ళి, ఎందుకొచ్చానో మరిచిపోయి నిలబడేదట. నెల తిరక్కుండా ఇంటికి పంపేశారు.

నేను జరిగిందంతా మూడు పేజీలు ఇంగ్లీషులో రాసి ఆఫీసులో ఇచ్చాను. తప్పులుంటే ఉండనీ, విషయం ఉంది. ఫ్లూ లేని హీటరు బిగించకూడదని కంపెనీ నియమం పెట్టాలని అడిగాను. జాబ్ కార్డు మీద కస్టమరు సంతకం ఉంది కాబట్టి ఇక మాట్లాడేది లేదన్నారు. నన్ను కాపాడింది ఆ సంతకమే. అందుకే దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత అక్కడ పనిచేసినన్నాళ్ళూ అగరుబత్తి పొగ నా వైపు తిరిగిన ఏ హీటర్నీ వెలిగించి ఇవ్వలేదు. హోసు విప్పుకుని వచ్చేసేవాణ్ణి. ఫోర్‌మన్ తిట్టాడు, ఒకరిద్దరు కస్టమర్లు నా మీద రిపోర్టు చేశారు. కాలిన గాలికి దారి చూపించాక నిప్పు పెట్టాలి. మనిషి జాగ్రత్తగా ఉంటాడని నమ్మి నిప్పు పెట్టకూడదు. ఇంత చిన్న సంగతి మాన్యువల్ మొదటి పేజీలోనే ఉంది, నేను చదివిందే.

దోహాలోనే నజ్మా అనే పేటలో తెలుగువాళ్ళ ప్రార్థన కూటానికి వచ్చే ఒకావిడ దగ్గర సువార్త చిరునామా సంపాదించాను. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఇంటికి తిరిగొచ్చాక మూడోది రాశాను. క్షమించమని అడగడానికే రాశాను. కానీ ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, మూడింటిలోనూ చివర ఒకే ప్రశ్న ఉంది. కిటికీ తీసి ఉంచమని అంత గట్టిగా చెప్పాను కదా చెల్లెమ్మా, ఎందుకు మూశావు?

మూడో ఉత్తరానికి జవాబొచ్చింది. సువార్త చెబుతుంటే కూతురు రాసింది. ఉన్నదున్నట్టు ఇది:

"అన్నయ్యగారికి వందనాలు. అమ్మకి ఆ ఇంటి సంగతులు చాలా మట్టుకు గుర్తులేవండి. మీరు చెప్పింది మాత్రం గుర్తుందంట. ఇది రాయమంది. మీరు తీయమన్నారు, తీశాను. అమ్మగారు మూయమన్నారు, మూశాను. తువ్వాలు కూడా నేనే పెట్టాను. మీ మీద నాకేం కోపం లేదండి. కానీ మూడుసార్లు అడిగారు గనక నేనూ ఒకటి అడుగుతాను. ఆ మాట నాకు చెప్పి వెళ్ళిపోయారేంటండీ? ఆ కిటికీ నాదా?"